రుచి చూడని వెర్మెంటీనో

2006లో నేను అబుదాబి కార్నిష్ రోడ్డు మీద ఒక హోటల్లో, ఇటాలియన్ రెస్టారెంటులో వెయిటర్‌ని. మాది నరసాపురం దగ్గర పల్లె. పదిహేడో ఏట బాప్తిస్మం తీసుకున్నప్పటి నుంచి మద్యం నోట పెట్టలేదు. శుక్రవారం ఉదయం ఆరాధనలో పాటలు పాడి, సాయంత్రం గ్లాసుల్లో వైన్ పోసేవాణ్ణి. ఇది తప్పా అని మా పాస్టరుగారిని అడిగితే, "పొయ్యడం నీ ఉద్యోగం బాబూ, తాగకపోవడం నీ తీర్మానం. రెండూ నమ్మకంగా చెయ్యి" అన్నారు.

ఏ వంటకానికి ఏ వైన్ కుదురుతుందో చెప్పడాన్ని పేరింగ్ అంటారు. అందరూ నాలుకతో నేర్చుకుంటే నేను ముక్కుతో నేర్చుకున్నాను. వెర్మెంటీనో అనే తెల్ల వైన్‌లో నిమ్మతొక్క, పచ్చి బాదం, కాస్త సముద్రపు గాలి వాసన ఉండేవి. ఆ వాసన ఇప్పటికీ నాకు గుర్తే. కాల్చిన హమ్మూరు చేపకీ, వేయించిన స్క్విడ్‌కీ అది బాగా కుదురుతుందని మా మేనేజరు మార్కో నేర్పాడు. చేపల పులుసులో చింతపండు చేసే పనే ఆ వైన్‌లోని పులుపూ చేస్తుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

నాతో పనిచేసే నెల్లూరు ఖాదర్ కూడా తాగడు. "తాగని ఇద్దరం చేరి తాగేవాళ్ళకి పాఠాలు చెప్తా ఉండాం గదన్నా" అని నవ్వేవాడు.

ఆ ఏడు కెప్టెన్ పోస్టు ఖాళీ అయింది. కెప్టెన్ అంటే ఆర్డర్లు తీసుకుని, కొన్ని బల్లల బాధ్యత చూసేవాడు. అది వస్తే నా భార్య మేరీకీ, పాపకీ ఫ్యామిలీ వీసా తీయవచ్చు. మూడేళ్ళుగా దాని కోసమే నా ప్రార్థన. మార్కో ఆ వారమంతా నా పని గమనిస్తున్నాడు. ఒక కిటుకు కూడా చెప్పాడు: "నాకిష్టమైన వైన్ ఇదే అని చెప్పు. గెస్టులు నమ్ముతారు."

ఆ వారంలోనే ఒక సాయంత్రం తెలుగు దంపతులు పెళ్ళిరోజు చేసుకోవడానికి వచ్చారు.

"మీదే ఊరు బాబూ?" అన్నారు పెద్దాయన.

"నరసాపురమండి."

"అయితే చేప సంగతి నీకే వదిలేశాం."

ముందు ఆర్టిచోక్ సలాడ్, తర్వాత కాల్చిన హమ్మూరు చెప్పారు. ఆర్టిచోక్ అంటే మొగ్గలా పొరలు పొరలుగా ఉండే కూరగాయ. ఏ వైన్ బాగుంటుందని అడిగారు.

"వెర్మెంటీనో తీసుకోండి సార్. నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదే."

నోరు జారి అన్నది కాదు. తెలిసే అన్నాను.

ఆయన సలాడ్ తిని, ఒక గుక్క తాగి మొహం చిట్లించారు. "ఇదేంటయ్యా, తియ్యగా, రేకు నాకినట్టుంది. నీకెలా నచ్చింది?"

రెండు బల్లల అవతల మార్కో నిలబడి చూస్తున్నాడు. ఇంకో గుక్క తాగి చూడండి అనబోయాను.

"సార్, నేను తాగనండి. ఇంతవరకు ఒక్క చుక్క రుచి చూడలేదు. వాసన చూసి చెప్పాను. ఇష్టమన్నది అబద్ధం. క్షమించండి."

"నరసాపురం వాళ్ళని నమ్మొద్దని మా అమ్మ ఎప్పుడూ అంటుండేది" అని ఆవిడ నవ్వేశారు. ఆవిడది మా పక్కనే పాలకొల్లట. ఆయన నవ్వలేదు.

"తాగకపోవడం తప్పు కాదయ్యా. మరి ఇష్టమని ఎందుకన్నావు?"

నేను మార్కో వైపు చూశాను.

మార్కో వచ్చి వివరించాడు. ఆర్టిచోక్ తిన్నాక నాలుక మీద ఏం పడినా తియ్యగా అనిపిస్తుందట. రొట్టె, నీళ్ళు ఇచ్చి, చేప వచ్చేదాకా ఆగమన్నాడు. హమ్మూరుతో అదే వైన్ వాళ్ళకి ఎంతో నచ్చింది. ఆ తేడా ఏ ముక్కూ చెప్పలేదు.

పోస్టు వేరే అతనికి వెళ్ళింది. "నువ్వు తాగవని కాదు" అన్నాడు మార్కో. "ఇష్టమని చెప్పమన్నది నేనే, అది నా తప్పు. కానీ సలాడ్ సంగతి తెలియనప్పుడు నన్ను అడగాల్సింది. తెలిసినట్టు మాట్లాడావు."

మేరీకి ఫోన్ చేసి చెప్పాను. "అయితే పాపకి ఇంకొన్నాళ్ళు నాన్నంటే ఫోనేనన్నమాట" అంది.

ఆ తర్వాత ఎవరడిగినా, "నేను తాగను సార్, తాగినవాళ్ళు చెప్పింది చెబుతాను" అనేవాణ్ణి. ప్రతి బల్ల దగ్గరా ఎలా ఉందో అడిగి రాసుకున్నాను. అలా చెప్పినందుకు వెళ్ళిపోయిన గెస్టు ఒక్కరూ లేరు. 2008లో కెప్టెన్‌నయ్యాను. మేరీ, పాప వచ్చారు.

అనుభవించిందే సాక్ష్యంగా చెప్పాలని చర్చి సంఘంలో చిన్నప్పటి నుంచీ విన్నాను. కానీ నేర్చుకున్నది ఆ బల్ల దగ్గర. ఇప్పుడు ఆరాధనలో సాక్ష్యం చెప్పమంటే, దేవుడు నాకు చేసింది ఎంతో అంతే చెప్పి కూర్చుంటాను.