మా అన్న ఇంటికి పోయిందెవరు?

దయ్యం పట్టిందని వేపమండలతోని కొట్టించుకునేటోళ్లను సూస్తే నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు గూడ నమ్మ. అయినా గీ ముచ్చట చెప్పకుంటే నా మనసు ఊకుంటలేదు.

అరవైల నాటి మాట. అన్న వద్దన్న మనిషిని చేసుకొని, మా ఊరు మోస్రా ఇడిసి బోధన్ వచ్చిన. నా పెనిమిటి జరమొచ్చి సచ్చిపోయిండు. మరిది నన్ను ఇంట్లకెల్లి ఎల్లగొట్టిండు. చిన్నబిడ్డను సంకనేసుకొని చక్కెర ఫ్యాక్టరీ గోడ కాడ పడ్డ. బాయిలర్ దిక్కు గోడ జర వెచ్చగుండేది. ఇల్లు లేనోళ్లమంత గా గోడకే ఒరిగి పండుకునేటోళ్లం. కింద చెరుకు పిప్పి, మీద గోనెసంచి.

గేటు ముంగట ఊర్ల చెరుకు బండ్లు బారు కట్టేవి. మోస్రా బండి కనబడితే కొంగు మొఖం మీదికి గుంజుకునేదాన్ని. ఒకపారి మా అన్న బండే వచ్చింది. మూలకు జరిగి, బిడ్డ నోరు మూసి కూసున్న. ఛీ, ఏం బతుకు నాది! చెరుకు దించి ఆయన ఎల్లిపోయిండు.

తర్వాత బాయిలర్ ఆగింది. గోడ సల్లబడ్డది. సలికి బిడ్డకు జరం పట్టి పెదవులు నల్లగైనయి. అన్న కాడికి పోవాలె. ఏ మొఖం పెట్టుకొని పోవాలె? పొద్దుగూకేదాక లేస్త లేస్త అనుకుంట కూసున్న. లేవలే. పక్కన పండుకునే మరాఠీ ముసలామె అప్పటిసంది రాత్రంత నా చెయ్యి పట్టుకొనే ఉన్నది.

తెల్లారి అన్న ఉత్త బండి తోలుకొని సీద నా కాడికే వచ్చిండు.

"అన్నం తినకుంట ఏడికి పోయినవే చెల్లె? బిడ్డేది?"

నిన్న పొద్దుగూకంగ నేను వాళ్లింటికి పోయిననట. వదిన కాళ్లకు నీళ్లిచ్చిందట. పొయ్యి ముంగట కూసోని, "బిడ్డ సస్తున్నది, ఫ్యాక్టరీ గోడ కాడున్నది, రా అన్నా" అన్ననట. వదిన కంచంల అన్నం పెట్టి తిరిగేసరికి లేనట. పక్కింటోళ్లు గూడ సూసిండ్రట.

నేను కాదని చెప్పబోయిన. అన్న బిడ్డను గొంగట్ల సుట్టుకొని ఏడ్సుకుంట, "వచ్చి అడిగినవ్, గంతే చాలు" అన్నడు.

బిడ్డ బతికింది. అన్న పోయేదాక నలుగురిల, "మా చెల్లె పంతం ఇడిసి బిడ్డ కోసం గంత దూరం నడిచొచ్చింది" అని గొప్పగ చెప్పుకున్నడు. నేను తల వంచుకొని ఇన్న. నడిచొచ్చిందెవరో నాకు ఇప్పటికి తెల్వదు. కన్నతల్లిని నేను. నేనైతే లేవలే.