గోడమీద పదకొండు గొర్రెలు

ఈ కథలో కొండ ఉంది, కోట ఉంది, ఒక స్త్రీని రాష్ట్రం దాటించే ప్రయత్నం ఉంది. మహాకావ్యానికి కావలసిన సరుకంతా ఉందని మొదట్లో నేనూ అనుకున్నాను. తీరా చూస్తే ఇందులో ముఖ్యపాత్ర ఒక కడుపునొప్పి మందు సీసా.

1962 వేసవి. పెనుకొండలో కొండా కోటా కనిపించే బజారు వీధిలో ఒక ప్రైవేటు డాక్టరుగారి దగ్గర నేను కాంపౌండరును. ఆ పని వినడానికి రసాయనశాస్త్రంలా ఉంటుంది, చేయడానికి హోటల్లో చారు కలిపినట్టు ఉంటుంది. రోగి ఇంటినుంచి ఖాళీ సీసా తెచ్చుకుంటాడు. చీటీ చూసి అందులో మిక్చర్ పోసి, కాగితాన్ని పళ్లు పళ్లుగా కత్తిరించి సీసాకు అంటిస్తాం. ఒక్కో పన్ను ఒక పూట మోతాదు. చదువు రానివాళ్లకూ తెలుస్తుంది.

హనుమంతప్ప గొర్రెలు కాసుకునే మనిషి, డెబ్బయ్యేళ్లుంటాయి. కడుపులో మెలిపెడుతోందని వస్తే డాక్టరుగారు మిక్చర్ రాశారు. అందులో టింక్చర్ బెల్లడోనా ఉంటుంది. ఒక మొక్క సారం, పేగుల మెలి సడలిస్తుంది. నేనే కలిపాను, నేనే పళ్లు కత్తిరించాను.

నాలుగు రోజులకు ఎద్దులబండి మా వాకిట్లో ఆగింది. ఆయన కొడుకు నాగప్ప లోపలికొచ్చాడు.

“ఏమప్పా, డాక్టరు ఉండాడా? మాయమ్మకు మతి పోయింది. హిందూపురం పోయి బెంగుళూరు బస్సు ఎక్కిస్తాండాం. ఆడ పిచ్చాసుపత్రిలో ఇచ్చేదానికి ఒక కాగితం రాసిస్తే చాలు.”

“ఏమంటాంది?” అన్నాను.

“గోడమింద గొర్రెలు పోతాండాయంటాది.”

“ఎన్నంట?”

“పదకొండు. ఒకటి కుంటిదంట.”

లెక్క ఇంత గట్టిగా ఉన్న పిచ్చి నేను అంతవరకు వినలేదు. ఊళ్లో ఇద్దరు దయ్యమన్నారట, ఒకరు దిష్టి అన్నారట. పిచ్చి అన్నవాడు కొడుకొక్కడే. బండి అతనిది కాబట్టి అతని మాటే నెగ్గింది. నవ్వులాటలా ఉన్నా సంగతి చిన్నది కాదు. ఆ ఆసుపత్రికి పోయి వచ్చినవాళ్లను ఊరు మళ్లీ మనిషిగా చూడదు. వాళ్లు కెలికిన సంగటి ఎవరూ ముట్టరు. అవ్వ ఇంట్లో ఉన్నా లేనట్టే.

డాక్టరుగారు బండి దగ్గరికి వెళ్లారు. బండిలో నాగప్ప తల్లి నరసమ్మవ్వ గాలిలోంచి కనపడని దారాలు ఏరుతోంది. మిట్టమధ్యాహ్నపు ఎండలో కూడా కంటిపాపలు చిన్నవి కాలేదు. నాలుక అట్టలా ఎండిపోయింది.

“ఏం మందు ఇస్తున్నారు?”

“ఏమీ లేదు సామీ,” అన్నాడు నాగప్ప.

బండిచక్రానికి ఆనుకుని ఉన్న హనుమంతప్ప నింపాదిగా అన్నాడు: “నా మందే తాగుతాంది. ఆమెకీ కడుపు మెలిపెట్టె. ఒక పొయ్యి, ఒక సంగటి కుండ, ఇంగ రెండు సీసాలెందుకు? నాకొక పన్ను, ఆమెకొక పన్ను.”

నేను లోపలికి వెళ్లి చీటీ, కొలత సరిచూశాను. తప్పు లేదు. నాకు ఊరట కలిగింది. అవ్వకు దానివల్ల ఏ లాభమూ కలగలేదు. నేను తిరిగి వచ్చేసరికి, ఆ గొర్రెలు బెల్లడోనా చూపించినవేనని డాక్టరుగారు తేల్చారు.

“అయితే నాకేమీ కాలేదే సామీ?” అన్నాడు హనుమంతప్ప.

డాక్టరుగారు చెప్పింది ఇది. మెదడు చుట్టూ సెనక్కాయ చేనుకు వేసిన ముళ్లకంప లాంటి కాపలా ఒకటి ఉంటుంది. బ్లడ్ బ్రెయిన్ బ్యారియర్ అంటారు. నెత్తుటిలో పారే ప్రతిదాన్నీ అది మెదడులోకి పోనివ్వదు. బెల్లడోనా మామూలుగానే కొంచెం దూరుతుంది. వయసు మళ్లితే కంపకు సందులు పడి ఇంకా ఎక్కువ దూరుతుందేమో.

“నేను ఆమెకంటే ఐదేండ్లు పెద్ద గదా.”

“ఆడవాళ్ల కంప, మగవాళ్ల కంప ఒకే తీరున ముసలివి కావేమో. మోతాదు పుస్తకాలు రాసినవాళ్లు ఎక్కువగా మగవాళ్లనే చూసి రాశారు. నాకు తెలియదు,” అన్నారాయన. డాక్టరు నోట ‘తెలియదు’ అన్నమాట నేను వినడం అదే మొదలు. ఫీజు మాత్రం మారలేదు.

అవ్వను మా వరండాలో పడుకోబెట్టించారు. ఆ మందు బంద్, గంటగంటకూ నీళ్లు, రెండు రోజులు చూద్దామన్నారు.

“రెండు దినాలకు తగ్గకపోతే?” అన్నాడు నాగప్ప.

“బెంగుళూరు ఆడే ఉంటాదిలేప్పా,” అన్నాను.

మర్నాడు పొద్దున గొర్రెలు నాలుగయ్యాయి. సాయంత్రానికి కుంటిదొక్కటే మిగిలింది. మూడోరోజు పొద్దున అవ్వ లేచి కూర్చుని, “నన్ను ఈడ ఎందుకు పండేసినార్రా?” అని కొడుకును అడిగింది. నాగప్ప ఎద్దులకు నీళ్లు పెట్టడానికి పోయాడు.

జరిగిందంతా హనుమంతప్ప పూసగుచ్చినట్టు చెప్పాడు. “నీ తల్లో కంపకు సందులు పడినాయంట. నాది గట్టిగా ఉండాది.”

“పడకేమి,” అంది అవ్వ. “యాభై ఏండ్లుగా నీ మాటలు దూరిదూరి పడినాయి. నన్నేమన్నా మాట్లాడనిచ్చింటే గదా నీదానికి సందు పడేది.”

బండి హిందూపురం వైపు కాకుండా ఊరివైపు తిరిగింది.

వయసేమి చేస్తుందో, ఆడా మగా తేడా ఎంతో డాక్టరుగారికే తేలలేదు; నాకు తేలిందని చెప్పుకుంటే బాగుండదు. నాకు తెలిసింది ఒకటే. మందు ఒంటికి ఇస్తాం, అది పోయేది ఇంటికి. అందుకే ఇప్పుడు ప్రతి సీసామీదా తాగే మనిషి పేరు, వయసు రాస్తున్నాను, ఎవరు తాగాలో నోటితోనూ చెబుతున్నాను. రాసేది పెన్సిలుతో. సిరా అయితే తడి తగలగానే చెదిరిపోతుంది.