ఎర్రబారిన పత్తి చేను

జనగామలో ఒక హాలులో నా బొమ్మలు నాలుగు పెట్టారు. వాటిలో పెద్దది మా పత్తి చేను. ఆకుపచ్చ మచ్చుకైనా లేదు. చేనంతా ఎరుపు, పైన ఊదా ఆకాశం, పల్లపు మూలలో ఎరుపు కింది నుంచి సన్నగా మెరిసే నీలం. కంటికి కనబడే రంగు కాదు, కడుపులో ఉన్న రంగే పూస్తానని అప్పట్లో గొప్పగా చెప్పుకునేదాన్ని.

ప్రారంభానికి నగరం నుంచి ఒక కళా విమర్శకుడు వచ్చాడు. ఆ బొమ్మ ముందు పావుగంట మాట్లాడాడు. ఎరుపు రైతు ఆగ్రహమట. ఊదా తరతరాల దుఃఖమట. మూలన ఉన్న నీలం ఆశట. విత్తనాల వ్యాపారుల మోసం మీద నేల తిరగబడుతోందట. ఇది ఏ చేను, ఎప్పటిది అని నన్ను ఒక్క ముక్క అడిగితే ఒట్టు. మధ్యలో దాన్ని మిరపతోట అని కూడా అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఊళ్ళ బాధ గురించి వీళ్ళ దగ్గర ఉపన్యాసం ముందే తయారుగా ఉంటుంది, మేము ఏం గీసినా దాన్నే అప్పజెబుతారు. అంత మండినా, అందరూ చప్పట్లు కొడుతుంటే చేతులు జోడించి నిలబడ్డాను.

మధ్యాహ్నం మా నాన్న, నేను బాపు అని పిలుస్తాను, కేసముద్రంలో రైలెక్కి వచ్చాడు. నా బొమ్మలు చూడటం ఆయనకు అదే మొదటిసారి. మీ కోపాన్ని అమ్మాయి ఎంత బాగా పట్టుకుందో చూడండని విమర్శకుడు చెబితే మర్యాదగా తలూపాడు. తర్వాత బొమ్మకు దగ్గరగా పోయి, గట్టు మీద నడుస్తూ చేను చూసినట్టు ఒక అంచు నుంచి మెల్లగా చూసుకుంటూ వచ్చాడు. పల్లపు మూల దగ్గర ఆగాడు.

"గిది మన వాగవతలి చేనే కద బిడ్డా. గీ మూలకు నీళ్లు నిలిచినయి."

ఆకు ఎక్కడ ఎర్రబడటం మొదలైందో, ఎటు పాకిందో చూసి చెప్పేశాడు.

నాలుగేళ్ళ కింద వారం రోజులు ముసురు పట్టింది. బాపు జ్వరంతో మహబూబాబాద్ దవాఖానలో ఉన్నాడు. ఆ మూలకు కాలువ తీసి నీళ్ళు వదలమని నాకు కబురు పెట్టాడు. నేను బొమ్మల పిచ్చిలో ఇవాళ, రేపు అంటూ జరిపాను. అడిగితే తీశానని చెప్పాను. నిలిచిన నీళ్ళకు చేను ఎర్రబారిపోయాక, ఆయన ఇంటికి వచ్చే ముందురోజు గబగబా తీశాను. నీళ్ళు వదిలినా చేను పోయిందంటే విత్తనమే నకిలీ అనుకున్నాడు బాపు. కేసముద్రం బజారులో నలుగురి ముందు విత్తనాల షావుకారును దొంగ అన్నాడు. పక్కన నిలబడి నేనూ తిట్టాను. మా ఊళ్ళో సగం మంది ఆ దుకాణం మెట్లెక్కడం మానేశారు.

"కాలువ ఎప్పుడు తీసినవు?" అని అడిగాడు బాపు.

"నువ్వు ఇంటికొచ్చే ముందురోజు, బాపు."

విమర్శకుడి ఉపన్యాసానికి పొద్దున నేను ఎందుకు అడ్డు చెప్పలేదో అప్పుడు తెలిసి సిగ్గేసింది. తప్పు వ్యాపారి మీదికి పోవడం నాకూ హాయిగానే ఉంది. విమర్శకుడు తెలియక అన్నాడు, నేను తెలిసి ఊరుకున్నాను. నా మీద నాకే అసహ్యం పుట్టింది.

బాపు గొంతు పెంచలేదు. అయినా అంత కోపం ఆయనలో నేను ఎన్నడూ చూడలేదు.

"నా నోటితోటి ఆ మనిషిని దొంగ అనిపించినవు. రేపు దుకాణం కాడికి పోదాం. బజార్ల మంది ఉన్నప్పుడే పోదాం. నేను మాట్లాడ, నువ్వే చెప్పాలె."