రెండో దొప్ప

నా చిన్నప్పుడు నాకు గిన్నె ఖాళీ కావడం తెలుసు గానీ, కడుపు నిండడమంటే ఏమిటో తెలియదు. ఒకసారి ఉడకబెట్టిన మొక్కజొన్న కంకులు లెక్కాపత్రం లేకుండా తిని కడుపునొప్పితో మెలికలు తిరిగితే, నాన్న నన్ను భుజాన వేసుకుని బూర్గంపాడు దవాఖానాకు నడిచాడు.

ఆ ఏడే మా మేనమామకు పెళ్లి కుదిరింది. పెళ్లికూతురిది గోదావరి అవతలి ఊరు, పడవలో వెళ్లాలి. నేను అప్పటిదాకా పడవ ఎక్కలేదు. బయలుదేరే ముందురోజు అమ్మమ్మ ఇంట్లో బెల్లం పరమాన్నం ఉడుకుతుంటే అమ్మ నాకు వేలు చూపించింది.

"మళ్ల కడుపునొప్పి అన్నవంటె నిన్ను ఈడనే ఇడిసిపెట్టి పోత."

అమ్మ అన్నంత పనీ చేసే మనిషి. నాకేమో పడవా కావాలి, పరమాన్నమూ కావాలి. నా ఏడుపు ముఖం చూసి అమ్మమ్మ పక్కన కూర్చోబెట్టుకుంది. అడవి నుంచి తెచ్చిన మోదుగాకుల కట్ట నా ముందు పెట్టింది. మా ఇళ్లలో పరమాన్నం ఆకు దొప్పల్లోనే పోసేవారు.

"నీకెంత గావాల్నో అంత తిను బిడ్డా, నేనొద్దన. గని ప్రతిసారి కొత్త దొప్ప నువ్వే కుట్టుకోవాలె."

మొదటిది ఆమే కుట్టిచ్చింది. క్షణంలో నాకేశాను. ఇక రెండోదానికి నా తిప్పలు చూడాలి. పుల్ల గుచ్చితే ఆకు చిరిగింది. ఎలాగో కుట్టి నీళ్లు పోసి చూస్తే మోచేతి దాకా కారాయి. అమ్మమ్మ నవ్వలేదు, విసుక్కోలేదు, మడత ఎలా వేయాలో మళ్లీ చూపించింది. చివరికి కారని దొప్ప ఒకటి నా చేతుల్లో తయారైంది. ఎంత గర్వపడ్డానో. కానీ దాన్ని నింపుకోవాలని మాత్రం అనిపించలేదు.

"కడుపు నిండింది నీకే ఎరుకైతది," అంది అమ్మమ్మ. "చెయ్యి జర ఆగితెనే గద, అది చెప్పేది ఇనబడేది."

మరునాడు పడవలో అమ్మ పక్కన కూర్చున్నాను, ఆ ఖాళీ దొప్పను ఒళ్లో పెట్టుకుని.

బడి ముఖం చూడని మనిషి అమ్మమ్మ. తిట్టలేదు, గిన్నె దాచలేదు, నన్ను తిండిపోతు అనలేదు. షుగరు వచ్చాక డాక్టర్లు నాకు చాలా చెప్పారు. ఎవరూ ఆమె అంత మర్యాదగా చెప్పలేదు.

ఇప్పుడు మావి స్టీలు కంచాలు. కోడలు రెండోసారి గరిటె ఎత్తితే "కొంచెం ఆగమ్మా" అంటాను. ఆ కాసేపూ నా వేళ్లు ఒళ్లో లేని ఆకును మడుస్తూనే ఉంటాయి. చాలాసార్లు ఆ దొప్ప పూర్తి కాకముందే కంచం తీసి లేస్తాను.