రోలర్ని ఆపేసిన ఊరు

తెనాలి చుట్టుపక్కల రోడ్డు పనులన్నిటికీ ఆ రోజుల్లో ఉన్నది ఒక్కటే ఆవిరి రోలరు. దాన్ని తోలేవాడు బాబూలాల్. రోలరు ఏ ఊరికి పోతే ఆ ఊరికి పండగ, మిగతా ఊళ్ళకు ఎదురుచూపులు. మనిషి నడక కంటే నిదానంగా, పొగ కక్కుకుంటూ అది పోతుంటే, మినిస్టరు కారు వచ్చినా లేవని జనం కూడా లేచి నిలబడి చూసేవారు.

గుర్రాలకు లాడాలు కొట్టే సాయిబు కొడుకు బాబూలాల్. ఇనుమూ నిప్పూ చిన్నప్పటి నుంచీ అలవాటే. మనిషి పొట్టి, మాట తక్కువ, కోపం మాత్రం ఎక్కువ. ఆ కోపమంతా పని మీదే చూపించేవాడు. ఏ రోడ్డు తొక్కించినా చివర్న ఒక పరీక్ష పెట్టేవాడు. గుప్పెడంత కంకర రాయి తీసి చక్రం ముందు పెట్టి రోలర్ని పోనిచ్చేవాడు. రాయి నలిగి పిండైతే రోడ్డు గట్టిపడినట్టు. నలగకుండా లోపలికి దిగబడితే పని కానట్టు. రోలరు డ్రైవర్లందరికీ తెలిసిన పద్ధతే ఇది, కాకపోతే సాయంత్రమయ్యేసరికి చాలామంది మరిచిపోతుంటారు. బాబూలాల్ మరిచిపోయేవాడు కాదు. నందివెలుగు వైపూ కొలకలూరు వైపూ తను తొక్కించిన రోడ్ల మీద అతని నడకే వేరుగా ఉంటుందని భార్య మెహరున్నీసా ఆటపట్టించేది.

ఏళ్ళ తరబడి దినకూలీగా తోలుతున్న అతని పేరు 1967 వేసవిలో పర్మినెంటు చేయమని పైకి వెళ్ళింది. ఓవర్సీరు జగన్నాథరావు పిలిచి మరీ చెప్పాడు.

"ఈ వేసవి ఒక్కటీ ఏ గొడవా లేకుండా గడిపెయ్యి, బాబూలాల్. నీ మీద ఒక్క రిమార్కు పడిందంటే ఇక నేనేం చెయ్యలేను."

"నా మీద రిమార్కేంటి సార్? ఇన్నేళ్ళలో ఎప్పుడన్నా పడిందా?"

"పడలేదు కాబట్టే చెప్తున్నా."

ఆ మాట మనసులో పెట్టుకునే బాబూలాల్ రోలరెక్కాడు. రేపల్లె దగ్గర ఒక పనికి దాన్ని చేర్చాలి. బాయిలర్లో నిప్పు చూసుకునే దేవసహాయం వెంట ఉన్నాడు. తెనాలి దాటి, ఎండకు సొమ్మసిల్లిన చేల మధ్య నుంచి రోలరు సాగిపోతుండగా ఈదరవారిపాలెం మలుపు వచ్చింది.

ఈదరవారిపాలెం రేపల్లె రోడ్డుకు మూడు మైళ్ళు లోపలికి ఉంటుంది. ఆ మూడు మైళ్ళకు రోడ్డు మంజూరై అప్పటికి నాలుగేళ్ళు. మొదటి ఏడు కంట్రాక్టరు బసవేశ్వరరావు రెండు పక్కలా గోతులు తవ్వించి, ఆ నల్లమట్టినే మధ్యలో కట్టలా పోయించాడు. రెండో ఏడు దాని మీద కంకర పరిపించాడు. ఆపైన రోలరు రావాలి, రాలేదు. వేసవిలో రోలరు ఖాళీగా ఉంటే కాలవలు కట్టేసి ఉండేవి, కంకర తడపడానికి నీళ్ళుండేవి కావు. కాలవలకు నీళ్ళు వదిలేసరికి వానలు పట్టుకునేవి. నీళ్ళున్నప్పుడు రోలరు లేదని, రోలరున్నప్పుడు నీళ్ళు లేవని దొరలు ఏటేటా ఎంతో బాధపడి ఊరుకునేవారు. కంకర సందుల్లో గడ్డి మొలిచింది. ఎడ్ల గిట్టలు కోసుకుపోతున్నాయని బళ్ళవాళ్ళు రోడ్డు వదిలేసి పక్క చేలల్లోంచి తోలుకునేవారు.

ఆ మలుపులో రెండు బళ్ళు రోడ్డుకు అడ్డంగా నిలబెట్టి ఉన్నాయి. ఎడ్లు లేవు. బళ్ళ వెనక ఊరు ఊరంతా ఉంది. అందరికీ ముందు నిలబడ్డవాడు పంచాయతీ ప్రెసిడెంటు పున్నారావు.

"రోలర్ని మా ఊరికి తిప్పు, బాబూలాలూ," అన్నాడాయన, భోజనానికి పిలిచినంత మామూలుగా.

"నాకు ఆర్డరు రేపల్లెకండి. మీ ఊరి సంగతి నాకెవరూ చెప్పలేదండి."

"నాకూ చెప్పలేదయ్యా. నాలుగేళ్ళు చూసి చూసి కళ్ళు కాయలు కాశాయి. నిన్ననే కాలవకు నీళ్ళొచ్చాయి. వానలింకా పట్టలేదు. నువ్వు ఎదురుగా ఉన్నావు. ఇట్టాంటి రోజు మాకు మళ్ళీ రాదు. నిన్ను పోనిచ్చేది లేదు."

"బళ్ళు తీయించండి. లేకపోతే వాటి మీంచే పోనిస్తా."

పున్నారావు వెళ్ళి ముందు చక్రానికి బారెడు దూరంలో రోడ్డు మీద చతికిలబడ్డాడు. ఇంతలో కుర్రకారు ఇంకో బండిని రోలరు వెనక్కి తోసుకొచ్చి నిలబెట్టారు.

బాబూలాల్‌కు ఒళ్ళు మండిపోయింది. కానీ మంట బయట కంటే బాయిలర్లో ఎక్కువగా ఉంది. దేవసహాయం దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అన్నాడు, "అన్నా, గాజుగొట్టంలో నీళ్ళు అడుక్కి పోతన్నాయి."

బాబూలాల్ చూశాడు. బాయిలర్లో నీటి మట్టం చూపించే ఆ గొట్టం అడుగున వేలెడు నీళ్ళు మిగిలాయి. కాలవ అక్కడే, గట్టు దిగితే ఉంది. గట్టు మీద మాత్రం కర్రలు పట్టుకున్న మనుషులున్నారు.

"బాయిలర్లో నీళ్ళైపోతే పేలిపోద్ది. నీళ్ళు పోసుకోనీండి," అని అరిచాడు.

"తిప్పుతానని ఒక్క మాట అను. మేమే మోసుకొచ్చి పోస్తాం," అన్నాడు పున్నారావు కూర్చున్నచోటు నుంచే.

"పిల్లల్నన్నా దూరంగా తీసుకుపోండయ్యా."

ఎవరూ కదల్లేదు. బెదిరిస్తున్నాడనుకున్నారు. నిప్పు లాగి కింద పోయించవచ్చు, కానీ చల్లబడ్డ రోలరు అక్కడే బండరాయిలా పడి ఉంటుంది, దాన్ని మళ్ళీ రాజేసుకుని పోనిస్తారనే ఆశ లేదు. చక్రం పట్టుకుని ఆడుతున్న ఒక పిల్ల బాబూలాల్ కంటపడింది.

"సరే, తిప్పుతా. నీళ్ళు పొయ్యండి," అన్నాడు.

రెప్పపాటులో బిందెలూ బకెట్లూ వరస కట్టాయి.

ఊళ్ళో అతనికి అన్నం పెట్టింది సీతారావమ్మ. రోడ్డు ఊళ్ళోకి వచ్చేచోటే ఆమె ఇల్లు. కోడలు చంద్రకళ నిండు నెలల మనిషి. మొదటి కాన్పులో తెనాలి ఆసుపత్రికి బండి మీద తీసుకుపోతే చేలల్లో కుదుపులకు దారిలోనే బిడ్డ పోయింది. ఈసారి బస్సు మీద పంపాలని సీతారావమ్మ పట్టుదల. రోడ్డు తొక్కిస్తే బస్సు వేస్తానని రేపల్లె బస్సు ఓనరు మాటిచ్చాడు.

బాబూలాల్ అన్నం తిని, గునపం తీసుకుని రోడ్డు మీద ఒకచోట తవ్వాడు. పైన జానెడు కూడా లేని కంకర. దాని కింద పరచాల్సిన పెద్ద రాళ్ళు లేవు, గ్రావెల్ లేదు. గునపం నల్లమట్టిలోకి వెన్నలోకి దిగినట్టు దిగింది. ఇంకోచోట తవ్వాడు. అక్కడా అంతే.

"పున్నారావుగారూ, ఇది రోడ్డు కాదండి. అడుగున ఏమీ వెయ్యలేదు. ఇప్పుడు తొక్కిస్తే నున్నగా కనపడుద్ది. గట్టి వాన పడితే కంకరంతా మట్టిలోకి పోద్ది. పై ఆఫీసరుకి చెప్పి ముందు రాళ్ళేయించుకోండి."

"చెప్పామయ్యా, చెప్పడం కూడా అయింది. మాకా సంగతి తెలియదనుకున్నావా? బస్సొకసారి వస్తే చాలు. వచ్చిన బస్సుని ఎవడూ ఆపలేడు. రోడ్డు పాడైతే బస్సు కోసమన్నా వాళ్ళే బాగుచేస్తారు."

ఎంత నమ్మకంతో అన్నాడంటే, బాబూలాల్‌కు ఇంకేం చెప్పినా దండగే అనిపించింది. ఎవరూ వినేట్టు లేరు. ఇంటిచుట్టూ కాపలా ఉంది. మలుపు దగ్గర దారినపోయే లారీవాడితో పంపిన కబురు అందుకుని ఓవర్సీరు వస్తే గండం గట్టెక్కుతుందని ఒక్కటే ఆశ.

మర్నాడు ఓవర్సీరు జీపులో వచ్చాడు. పక్కన కంట్రాక్టరు బసవేశ్వరరావు దిగాడు. బాబూలాల్ ఎదురెళ్ళి, తవ్విన గుంటల దగ్గరికి తీసుకుపోయి చూపించాడు. జగన్నాథరావు గుంటలోకి చాలాసేపు చూశాడు. బసవేశ్వరరావు అప్పుడే మబ్బులు చూడాలని బుద్ధి పుట్టినట్టు ఆకాశం వైపు చూస్తూ నిలబడ్డాడు.

"ఎలాగూ వచ్చావుగా. తొక్కించి పో," అన్నాడు ఓవర్సీరు.

"అడుగున రాళ్ళు లేవు సార్. వానకి ఆగదు."

"వానల సంగతి నీకెందుకు? చూడు బాబూలాల్, ఆర్డరు లేకుండా రోలర్ని దారి మళ్ళించింది నువ్వు. పని జరిగితే నేను పంపినట్టే చెప్తాను. జరక్కపోతే నువ్వే మళ్ళించావని చెప్పాల్సి వస్తుంది. పర్మినెంటు సంగతి నీకు తెలుసు. ఇక నీ ఇష్టం."

గొంతు పెంచకుండా, స్నేహితుడికి సలహా చెప్పినట్టు చెప్పాడు. ముందు ఊరు, వెనక ఓవర్సీరు, మధ్యలో తను. గుంట పూడ్చి రోలరెక్కాడు.

కంకర తడిపారు, మట్టి చల్లారు, మళ్ళీ తడిపారు. రోలరు అటూ ఇటూ తిరిగినకొద్దీ రోడ్డు నున్నబడింది. ఊరి జనం చంటిపిల్లల్ని ఎత్తుకొచ్చి చూపించారు. మొదటి మైలు అయ్యాక బాబూలాల్ దిగి, అలవాటు ప్రకారం ఒక కంకర రాయి చక్రం ముందు పెట్టాడు. జనం గుమిగూడారు. రోలరు కదిలింది. రాయి నలగలేదు. చప్పుడు కూడా చెయ్యకుండా రోడ్డులోకి దిగిపోయింది.

సీతారావమ్మ అంది, "ఇంకోసారి పోనివ్వు నాయనా."

ఇంకో రాయి పెట్టాడు. అదీ దిగిపోయింది. ఆమె అతని మొహంలోకి చూసి, "బస్సు పోతే చాలు నాయనా. ఒక్క మనిషిని తీసుకుపోతే చాలు," అంది.

బాబూలాల్ ఆ తరవాత రాయి పెట్టలేదు. మిగతా రెండు మైళ్ళూ పరీక్ష లేకుండానే తొక్కించాడు. ఆ పని చేస్తున్నంతసేపూ సిగ్గుతో అతను దేవసహాయం వైపు చూడలేదు.

మామిడి తోరణాల కిందుగా బస్సు వచ్చింది. వారం తిరక్కముందే చంద్రకళ ఆ బస్సులో తెనాలి వెళ్ళి ఆడపిల్లను కన్నది. ఆ కబురు దేవసహాయం తెచ్చి చెప్పినప్పుడు బాబూలాల్‌కు కళ్ళు చెమర్చాయి. పోనీలే, అనుకున్నాడు. నెల దాటకుండా ముసురు పట్టింది. కంకర మట్టిలో కలిసింది. బస్సు ఇరుసు దాకా కూరుకుపోయి కాలవ వైపు ఒరిగింది. మనుషులు కిటికీల్లోంచి దూకి బయటపడ్డారు. ఓనరు బస్సుని ఎడ్ల చేత లాగించుకుని పోయాడు, మళ్ళీ పంపలేదు. బసవేశ్వరరావు అప్పటికే బిల్లు తీసుకుని చేతులు దులుపుకున్నాడు. పూర్తయిన రోడ్డుకు కొత్తగా మంజూరు ఎందుకని పైవాళ్ళు అన్నారు.

విచారణకు ఎవరో పెద్ద ఆఫీసరు వచ్చాడు. జగన్నాథరావు తను పంపలేదన్నాడు. ఊరివాళ్ళను అడిగితే పున్నారావు తల వంచుకుని, "డ్రైవరు సరిగా తొక్కించలేదండి," అన్నాడు. అలా చెబితే మళ్ళీ రోలరు వస్తుందని ఆయనకు ఎవరో ఆశ పెట్టారు. అక్కడే నిలబడి ఉన్న బాబూలాల్ ఆ మాట విన్నాడు. పున్నారావు కళ్ళలోకి సూటిగా చూశాడు. ఆయన కళ్ళెత్తలేదు. తనకు రాళ్ళు దిగిపోవడం తెలుసు గనక బాబూలాల్ కూడా ఎదురు మాట్లాడలేకపోయాడు.

అతన్ని రోలరు మీద నుంచి దించేసి, బాపట్ల స్టేషను పక్క కంకర గుట్టలకు కాపలాగా పంపారు. పర్మినెంటు మాట మళ్ళీ రాలేదు. భార్యకు మాత్రం బదిలీ అని చెప్పాడు. ఆమె నమ్మింది. రేపల్లెలో ఆమె చెల్లెలింటికి వెళ్ళాల్సి వచ్చినప్పుడల్లా తెనాలి నుంచి రైలే ఎక్కించేవాడు. బస్సులంటే వికారమనేవాడు.

1973 వానాకాలంలో చెల్లెలి కూతురి పెళ్ళికి బయల్దేరితే, తెనాలిలో వాళ్ళ కళ్ళముందే రేపల్లె రైలు కదిలిపోయింది. మెహరున్నీసా తొందరపెట్టి బస్సెక్కించింది. బాబూలాల్ కిటికీ వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. ఎంత బిగుసుకుపోయాడంటే, ఒంట్లో బాగాలేదా అని ఆమె రెండుసార్లు అడిగింది.

మలుపు దగ్గరికి వచ్చేసరికి కండక్టరు కేక పెట్టాడు. "బాబూలాల్ రోడ్డు. బాబూలాల్ రోడ్డుకి దిగేవాళ్ళు రండమ్మా."

మెహరున్నీసా ఉలిక్కిపడి భర్తను చూసింది. "మీ పేరేగా? ఇది మీరు తొక్కించిందేనా? ఒక్కసారన్నా చెప్పారా మీరు?"

అతను టికెట్లు వెతుకుతున్నట్టు జేబులు తడుముకున్నాడు. ఆమె మొహం వెలిగిపోతోంది. రోడ్లకు గాంధీగారి పేరూ నెహ్రూగారి పేరూ పెట్టడం ఆమెకు తెలుసు, వెక్కిరింతకు పెట్టే పేర్లు తెలియవు. బస్సెక్కి తన పక్కన కూర్చున్న ఒకామెతో ఉండబట్టలేక అనేసింది. "మీ రోడ్డుకి మా ఆయన పేరే పెట్టారమ్మా."

ఆమె తల తిప్పి బాబూలాల్‌ను చూసింది. బాబూలాల్ గుర్తుపట్టాడు. చంద్రకళ. ఇప్పుడు నోరు విప్పి తిడుతుందని, పెళ్ళాం ముందు పరువు పోతుందని కళ్ళు మూసుకున్నాడు.

"అవునమ్మా, ఈయనే," అంది చంద్రకళ మెల్లగా. ఒళ్ళో ఉన్న ఆరేళ్ళ పిల్లను దగ్గరికి లాక్కుంది. "ఈ పిల్ల కడుపులో ఉండగా ఆ రోడ్డు మీదే బస్సులో తెనాలి వెళ్ళాను. బతికి బట్టకట్టిందంటే ఈయన చలవే."

మెహరున్నీసా మురిసిపోయి పిల్ల బుగ్గలు పుణికింది. "ఇప్పుడు కూడా ఆ బస్సులోనే వచ్చావా తల్లీ?"

"లేదు. నడిచొచ్చాం. బస్సు రాదు, అంతా బురద," అంది పిల్ల.

మెహరున్నీసా అప్పుడు చూసింది. చంద్రకళ చీర మోకాళ్ళ దాకా తడిసి, నల్లమట్టి పట్టి బరువుగా వేలాడుతోంది. తల్లీకూతుళ్ళ చెప్పులు చేతుల్లో ఉన్నాయి. ఆమె చూపు ఆ కాళ్ళ మీద నుంచి లేచి భర్త మొహం మీదికి వచ్చింది. బాబూలాల్ ఈసారి కళ్ళు తిప్పుకోలేదు.

మెహరున్నీసా కొంగు చివర తీసుకుని, పిల్ల కాళ్ళకంటిన బురద తుడవసాగింది.