ఉబ్బని చెయ్యి

కెనడాలోని విండ్సర్‌లో మా రెండో చలికాలంలో మా ఆయనకు దగ్గు మొదలైంది. నేను కాలేజీలో చదువుతున్నాను. అతను చదువుకునేవాళ్ల భర్తలకిచ్చే స్పౌస్ పర్మిట్ మీద వచ్చి, కార్లకు సీట్లు తయారుచేసే ఫ్యాక్టరీలో చేరాడు. ఆ రోజుల్లో ఊరంతా మనవాళ్లే. బస్సెక్కితే వెనక సీట్లలో గుంటూరు యాస, కరీంనగర్ యాస కలగలిసి వినిపించేవి. మేమున్న ఇల్లూ అంతే. బేస్‌మెంట్‌లో ఇద్దరబ్బాయిలు, పైన మా గదికి ఎదురుగా ఒకమ్మాయి, అందరికీ కలిపి ఒకటే వంటిల్లు.

ఆ చలిలో దగ్గనివాళ్లెవరు? అందుకే ఇంట్లో ఎవరూ అతని దగ్గును పట్టించుకోలేదు. నాకు మాత్రం గోడ అవతల నుంచి ఆ శబ్దం వినిపిస్తే చేతిలో పని ఆగిపోయేది. మా ఇద్దరికీ హెచ్‌ఐవీ ఉందని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

అది మాకు పుట్టుకతోనే, మా అమ్మల నుంచి వచ్చింది. ఊళ్లో ప్రభుత్వాసుపత్రికి నెలనెలా మందులకు వెళ్లేవాళ్లం. అక్కడ మాలాంటి పిల్లలకు పెట్టే మీటింగుల్లో ఒకరినొకరం చూసుకున్నాం. పెద్దయ్యాక పెళ్లి చేసుకున్నాం. ఒకరి దగ్గర ఒకరు దాచుకోవలసింది ఏమీ లేకపోవడం మా కాపురంలో మాకు దొరికిన పెద్ద సుఖం. రోజూ మాత్ర వేసుకుంటే వైరస్ రక్తంలో కనిపించనంతగా అణిగి ఉంటుంది, మామూలుగానే బతకొచ్చు. కెనడా వీసా మెడికల్‌లోనూ ఏదీ దాచలేదు. ఆలస్యమైంది గానీ రానిచ్చారు.

టీబీ సంగతి వేరు, మాలాంటి ఒళ్లను అది తేలిగ్గా పట్టుకుంటుంది. మా అమ్మ పోయింది టీబీతోనే. ఆ మీటింగులకు దగ్గుతూ వచ్చినవాళ్లలో కొందరు మళ్లీ కనిపించేవారు కాదు. వాళ్లేమయ్యారని మేం అడిగేవాళ్లం కాదు, పెద్దవాళ్లు చెప్పేవారు కాదు.

హాస్పిటల్‌కి వెళ్దామని అడిగితే, పర్మిట్ రెన్యువల్ వచ్చాక చూద్దామనేవాడు. జబ్బుందని తెలిస్తే పంపించేస్తారేమోనని అతని భయం. కాదని చెప్పే ధైర్యం నాకూ లేదు. చొక్కా భుజాల మీద నిలవనంతగా చిక్కిపోయాడు. ఒక ఉదయం బాత్‌రూమ్‌లోంచి ఎంతకీ రాకపోతే తలుపు తోశాను. సింక్‌లో నీళ్లు వదిలి రెండు చేతులతో కడుగుతున్నాడు. తెల్లటి పింగాణీ మీద ఎర్రటి చార ఇంకా పూర్తిగా పోలేదు. ఇక అతన్ని అడగలేదు, టాక్సీ పిలిచాను.

ఎమర్జెన్సీలో ఎక్స్‌రే తీశాక అందరి నడకా మారింది. అతన్ని రెండు తలుపుల గదిలోకి తీసుకెళ్లారు. ఒక తలుపు మూసుకుంటే గానీ రెండోది తెరవరు. లోపలి గాలిని ఏదో యంత్రం బయటికి లాగేస్తూ ఉంటుంది. టీబీయేనన్నారు, మందులు మొదలుపెట్టారు. రెండు రోజులకే డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, టీబీకి ముఖ్యంగా వాడే మందులు ఈ క్రిమి మీద పనిచేయవని పరీక్షలో తేలిందని చెప్పింది. వేరే మందులున్నాయి, వాడదాం, కానీ చాలా నెలలు పడుతుందంది. ఎక్కడ అంటిందని అడిగాను. చిన్నప్పుడే ఒంట్లో చేరి నిద్రపోయి ఉండొచ్చు, ఈమధ్యే ఎవరి నుంచో వచ్చి ఉండొచ్చు, చెప్పలేమంది.

తర్వాత నా వైపు చూసి, నేను ఆ గదిలోకి వెళ్లకపోవడమే మంచిదంది. మిగతా చుట్టాలకైతే మాస్క్ ఇచ్చి పంపుతారు. నా ఒంటి సంగతి ఆమెకు తెలుసు.

కాబట్టి తలుపుకున్న అద్దానికి ఇటు నేను, అటు మంచం మీద అతను. ఇద్దరి చేతుల్లో ఫోన్లు. మామూలు విషయాలే మాట్లాడాడు. ఫ్యాక్టరీకి మెసేజ్ పెట్టావా, అన్నం తిన్నావా అని అడిగాడు. 

"నీకేమైనా దగ్గుందా?" అన్నాడు చివరికి.

"లేదు."

"నిజం చెప్పు."

"లేదన్నాగా."

"మన గదికి ఉన్నది ఒకే కిటికీ. చలని అది కూడా మూసేశాను. ఇన్నాళ్లూ నువ్వు నా పక్కనే పడుకున్నావు." అద్దంలోంచి నన్ను చూడలేక ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. "నాకు భయంగా ఉంది. నా గురించి కాదు."

ఆ వారమే పబ్లిక్ హెల్త్ నర్సు మా ఇంటికి వచ్చింది. నడివయసు మనిషి, నెమ్మదిగా మాట్లాడేది. ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి, మీరు టీబీ ఉన్న మనిషికి దగ్గరగా మెలిగారు, పరీక్ష చేయించుకోవాలని చెప్పింది. ఎవరికి టీబీ ఉందో చెప్పలేదు. చెప్పనక్కర్లేదు కూడా, ఆ ఇంట్లో కనిపించకుండా పోయింది మా ఆయనొక్కడే. హెచ్‌ఐవీ ఊసే ఎత్తలేదు. ఎత్తుతుందేమోనని అంతసేపూ ఆమె పెదాలనే చూస్తూ కూర్చున్నాను.

అందరికీ మోచేతి కింద చర్మంలోకి చిన్న సూది వేసింది. టీబీ క్రిమి ఒంట్లో చేరి ఉంటే రెండు మూడు రోజుల్లో అక్కడ గట్టిగా ఉబ్బుతుంది. ఆమె మళ్లీ వచ్చి చూసినప్పుడు కింది అబ్బాయిల్లో ఒకడికి పెద్దగా ఉబ్బింది. ఇంటికి ఫోన్ చేసి అమ్మతో మాట్లాడుతూ ఏడ్చాడు. రెండోవాడికి ఏమీ లేదు. ఎదురుగది అమ్మాయికి కొంచెం ఉబ్బింది. నా చెయ్యి నున్నగా ఉంది. సూది ఎక్కడ గుచ్చారో వెతుక్కోవలసి వచ్చింది.

"మీరు లక్కీ అక్కా," అన్నాడు ఏడ్చినవాడు, ఇంకా ముక్కు తుడుచుకుంటూనే.

నవ్వాను. స్వెటర్ చెయ్యి కిందికి లాక్కున్నాను. మాలాంటి ఒళ్లు ఒక్కోసారి లోపల క్రిమి ఉన్నా బయటికి చూపించదు. వాళ్లకు ఉబ్బిందంటే వాళ్ల ఒళ్లు దాన్ని గుర్తుపట్టిందన్నమాట. నాది గుర్తుపట్టిందో లేదో కూడా తెలియదు. నర్సు వెళ్తూ వెళ్తూ వరండాలో నా భుజం మీద చెయ్యి వేసి, నీది చూసి ఏమీ అనుకోవడానికి లేదు, స్కాన్ చేయిద్దామని చిన్నగా చెప్పింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం వంటింట్లో పప్పుకు తాలింపు పెడుతున్నాను. ఎదురుగది అమ్మాయి వచ్చి ఫ్రిజ్‌కు ఆనుకుని నిలబడింది. కరీంనగర్ పిల్ల, నాకంటే చిన్నది, మొదటిరోజు నుంచీ నన్ను అక్కా అనే పిలిచేది.

"అక్కా, ఒక మాట అడగొచ్చా?"

అడగమన్నాను.

"అన్నతోని ఒక్క రూమ్‌ల ఉన్నది మీరు. కిందున్న పిల్లగానికి అంత ఉబ్బింది, మీకేం ఉబ్బలే." తలుపు వైపు చూసి గొంతు తగ్గించింది. "నేను బీఫార్మసీ చదివిన అక్కా."

స్టవ్ ఆపేశాను. చిన్నప్పటి నుంచీ నా దగ్గర అబద్ధాలు సిద్ధంగా ఉండేవి. మాత్రలేంటని ఎవరైనా అడిగితే రక్తం తక్కువనో, థైరాయిడ్ అనో, విటమిన్లనో చెప్పేదాన్ని. ఆ రోజు అవేవీ నోటికి రాలేదు.

"నువ్వనుకుంటున్నది నిజమే," అన్నాను.

"ఇద్దరికీనా?"

"ఇద్దరికీ. పుట్టినప్పటి నుంచీ."

ఆమె నా ముఖం వైపు కాకుండా నా చేతిలో గరిట వైపు చూసింది. ఆ గరిటను ఆమె రోజూ ముట్టుకునేదే, నా పప్పు ఎన్నోసార్లు తిన్నదే. ఇలా అంటుకోదని ఆమె చదువుకుంది కూడా. "ఎవ్వరికీ చెప్ప అక్కా," అని లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రానికి ఆమె కంచం, గ్లాసు వంటింట్లోంచి ఆమె గదిలోకి వెళ్లాయి. నెలాఖరుకు వేరే ఇల్లు చూసుకుంది. సూట్‌కేసు గుమ్మం దాటించి, బూట్లు వేసుకుంటూ ఉండిపోయింది. "నాకు భయమైతుంది అక్కా. తప్పని తెలుసు, అయినా అయితుంది." నాకూ అలాగే ఉందని చెప్పాను.  మాట మాత్రం నిలబెట్టుకుంది. ఆ తర్వాత కూడా కింది అబ్బాయిలు నన్ను కార్లో హాస్పిటల్‌కు తీసుకెళ్లేవారు, నా చేతి టీ తాగేవారు.

స్కాన్‌లో నా కుడి ఊపిరితిత్తి పైభాగంలో చిన్న మచ్చ కనిపించింది. చిన్నప్పుడు అమ్మ దగ్గర అంటిన పాత మచ్చ కావచ్చు, కొత్తగా మొదలవుతున్నది కావచ్చు. కఫం కల్చర్‌కి పంపారు. క్రిమి ఉంటే పెరగడానికి వారాలు పడుతుందన్నారు.

ఆ వారాలు ఎలా గడిచాయో సరిగ్గా చెప్పలేను. పొద్దున్నే లేచి ముందు గట్టిగా ఊపిరి పీల్చి చూసుకునేదాన్ని, ఎక్కడైనా పట్టేస్తుందా అని. కొంచెం చెమట పడితే చాలు థర్మామీటర్ పెట్టుకునేదాన్ని. ఇల్లు వేడిచేసే ఫర్నేస్ ఆన్ అయి వెంట్‌లోంచి వెచ్చటి గాలి వస్తుంటే, ఈ గాలే ఇల్లంతా తిరుగుతోంది కదా అని దాని మీద తువ్వాలు కప్పేదాన్ని. క్లాసులో ఆఖరి బెంచీలో, కిటికీ పక్కన కూర్చునేదాన్ని. తెలియని నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తడానికి చేతులు వచ్చేవి కావు. మా ఆయనకు మచ్చ సంగతి నేను చెప్పలేదు గానీ, డాక్టరమ్మ ముఖం చూసి అతనే కనిపెట్టాడట. నేను భయపడతానని, తనకు తెలుసన్న సంగతి నా దగ్గర దాచాడు. మా మధ్య దాపరికం రావడం అదే మొదటిసారి.

కల్చర్‌లో ఏమీ పెరగలేదు. మచ్చ తర్వాతి స్కాన్లలో పెరగలేదు, తగ్గనూ లేదు. ముందు జాగ్రత్తగా నాకు కూడా కొన్ని నెలలు మాత్రలిచ్చారు. అతని కఫంలో క్రిమి పోయిందని తేలాక ఇంటికి పంపారు. హాల్లో సోఫా మీద పడుకుంటానన్నాడు. డాక్టరే పర్లేదన్నారని చెప్పినా వినలేదు. నేనే దుప్పటి తీసుకెళ్లి సోఫా పక్కన నేల మీద పడుకున్నాను. కొన్నాళ్లకు తనే గదిలోకి వచ్చాడు.

ఆ మందులు అతన్ని బతికించాయి, కాళ్లను మాత్రం దెబ్బతీశాయి. వేళ్లకు స్పర్శ పోయింది. ఇప్పటికీ చెప్పు జారిపోయిన సంగతి నేల చల్లగా తగిలినప్పుడు కాదు, కిందికి చూసినప్పుడే అతనికి తెలుస్తుంది. ఫ్యాక్టరీలో నిలబడే పని మానేసి, కూర్చుని చేసే పనికి మారాడు. నా చదువు పూర్తయింది, వర్క్ పర్మిట్ వచ్చింది. మమ్మల్ని ఎవరూ ఎక్కడికీ పంపించలేదు.

అన్ని నెలలూ నర్సు వారంలో చాలా రోజులు వీడియో కాల్ చేసి, అతను మాత్రలు మింగడం చూసేది. మింగి, నోరు తెరిచి చూపించేవాడు. కోర్సు పూర్తయిన రోజు ఆమె చప్పట్లు కొట్టి, ఇక నా ముఖం చూసే బాధ మీకు తప్పిందంది. ఫోన్ పెట్టేశాక పండగలా ఉండాల్సింది. ఇద్దరం టేబుల్ దగ్గరే కూర్చుండిపోయాం. ఎప్పుడు పోతుందా అని రోజూ ఎదురుచూసిన ఆ మాత్రల డబ్బా ఖాళీగా ఉంది.

"మళ్లీ వస్తే?" అన్నాడు అతను.

  కుక్కర్ విజిల్ వేస్తే లేచి వెళ్లి, అన్నం వడ్డించాను. ఇద్దరం తిన్నాం.