పదిహేడు దగ్గర ఆగిన పంతులు

ఒక మహాకావ్యానికి తగిన ధీరోదాత్తుని నిర్యాణవార్తను శోకసంతప్త హృదయంతో నివేదిస్తున్నాను. నిజానికి కావ్యమేమీ లేదు. రాజలింగం పంతులుగారు మొన్న సోమవారం దేవరకొండ దవాఖానలో కామెర్లతో పోయారు. వార్త తెచ్చినవాడు ముందు మంచినీళ్లు అడిగి తాగి, మూతి తుడుచుకుని, ఆ తరువాత చెప్పాడు. నేను నిశ్చేష్టుణ్ణయ్యాను. చేతిలో సుద్దముక్క ఉండడం వల్ల పిల్లలు నేనేదో రాయబోతున్నాననుకుని పలకలు తీశారు.

మా బడి నందికొండ దారిలో ఒక రాతి క్వారీ పక్కనున్న రేకుల షెడ్డు. క్వారీ కూలీల పిల్లలే మా విద్యార్థులు. మధ్యలో ఒక తడక. దానికి అవతల సంప్రదాయ గణితాచార్యులు పంతులుగారు: ఒక పిల్లవాడు ఎక్కం ముందు పలకాలి, తక్కినవారంతా తిరిగి పలకాలి. ఇవతల శిక్షణ పొందివచ్చిన నవీనుణ్ణి నేను: చూసిన ప్రతి వస్తువుకూ, విన్న ప్రతి చప్పుడుకూ ఒక చింతగింజ పెట్టించి లెక్క నేర్పేవాణ్ణి.

మొదటి వారమే నా శిష్యులు బోధనోపకరణాలను వేయించుకుని తినేశారు. తడక మీదుగా పంతులుగారి తల లేచింది.

"ఏమయ్యా ట్రేనింగు సారూ, నీ లెక్కలు మస్తు రుచిగున్నయట గద! గిది తీసివేతనా, భాగహారమా?"

"అనుభవపూర్వక విద్యండీ" అన్నాను.

"మంచిది. చేతుల ఉన్నది ఎటన్న పోతది బిడ్డా. నోట్ల వడ్డది నీతోనే ఉంటది."

ఏ వాదమైనా వారు ఆ మాటతోనే ముగించేవారు. నాకు అది వాదమనే అనిపించేది కాదు.

రోజూ మూడు గంటలకు క్వారీలో రాయి పగలడానికి తూటాలు పేల్చేవారు. ఖాసిం మేస్త్రీ వచ్చి ఎన్ని పెట్టాడో చెప్పి వెళ్లేవాడు. పేలిన చప్పుళ్లు ఆ లెక్కకు సరిపోయి అతను జెండా దించేదాకా పిల్లలు షెడ్డులోనే ఉండాలి, తండ్రులు ఎర్రజెండా ఇవతలే నిలబడాలి. ఇంత భయంకరమైన గణితపాఠం ఏ శిక్షణాలయంలోనూ ఉండదు; రేకులు సైతం వణుకుతూ నేర్చుకునేవి.

ఒకనాడు మేస్త్రీ "ఇయ్యాల పద్దెనిమిది" అన్నాడు. పేలుళ్లు ఆగాయి. నా తరగతిలో ప్రతి పలక మీదా పద్దెనిమిది గింజలు, ముత్యాల్లా. అవతలి తరగతి పదిహేడు దగ్గర ఆగిపోయింది.

"నాకు గూడ పద్దెనిమిదే ఇనవడ్డది, పంతులూ" అని మేస్త్రీ జెండా మీద చెయ్యి వేశాడు.

"ఆగు ఖాసిం. దాంట్ల ఒకటి కొండ అన్నది."

"కొండ ఎప్పుడు గంత గట్టిగ అనదు గద?"

"ఇయ్యాల అన్నది. కొండ గూడ మా పోరల లెక్కనే, చెప్పినంక చెప్తది. ముందుగాల చెప్పిందెవరో ఇనాలె."

మేస్త్రీ నా వైపు తిరిగాడు. "సార్, మీరు సదువుకున్నోళ్లు. మీరేమంటరు?"

నేను గింజల వైపు చూశాను. నా తరగతిలోని యాదమ్మ, జెండా దగ్గర అందరికంటే ముందు నిలబడిన తన తండ్రిని చూస్తూ, వరుసలోంచి ఒక గింజ తీసి గుప్పిట్లో దాచుకుంది.

"ఎందుకు తీశావు?"

"సార్, గది మల్లొక్కసారి అన్నది, గంతే."

పదిహేడు అన్నాను. అంతకాలం నేర్చుకున్న నవీన పద్ధతి ఒక్క గింజతో తగ్గింది. గంటసేపు ఎవరినీ వెళ్లనివ్వకుండా ఆపి, తరువాత మేస్త్రీ ఒక్కడే వెళ్లి వెతికాడు. కింది వరుసలో, యాదమ్మ తండ్రి మరునాడు సమ్మెట పట్టుకు నిలబడవలసిన చోట, వత్తి సగం కాలి ఆగిన తూటా ఉంది. మేస్త్రీ తిరిగివచ్చి జెండా కర్ర పట్టుకుని కూర్చున్నాడు. పంతులుగారు మాత్రం "పన్నెండో ఎక్కం మిగిలింది, పాండ్రి" అని పిల్లల్ని లోపలికి తోలారు.

అటువంటి శ్రవణశక్తి, అటువంటి నిర్భయత్వం మళ్లీ పుట్టవని సంస్మరణల్లో రాయడం ఆచారం. నేను దాన్ని భయపడి రాస్తున్నాను. నిన్న ఇరవై రెండు తూటాలు పెట్టారు. నా తరగతి ఇరవై రెండు అంది. అవతలి తరగతి నోరు విప్పలేదు. ముందు పలికించేవారు లేరు. మేస్త్రీ చాలాసేపు తడక వైపు చూసి జెండా దించాడు. ఏమీ కాలేదు, నిన్నటికి.

ఆ మహనీయునికి నా అశ్రునివాళి. వారి ఖాళీ భర్తీ అయ్యేదాకా మా బడి ఒంటిపూటే, పన్నెండింటికి మూసేస్తాం. తూటాలు మాత్రం మూడింటికే.